చిన్న కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్: చేరే ముందు డబ్బు లెక్క ఎలా వేసుకోవాలి

ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు అనుకున్నంత రాలేదు, లేదా ఇంజినీరింగ్ మీద మీకు మనసే లేదు. ఊరికి దగ్గర్లో ఒక డిగ్రీ కాలేజీ ఉంది, అందులో ఫిజిక్స్ ఉంది, ఫీజు కూడా తక్కువే. ఇంట్లో ఒకరు "ఫిజిక్స్ చదివి ఏం చేస్తావు?" అంటారు, ఇంకొకరు "టీచర్ ఉద్యోగం రాకపోతుందా" అంటారు. ఇద్దరూ నోటి లెక్కే చెబుతున్నారు. మీరు కాగితం మీద వేయండి. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లకి, అంటే తెలంగాణలో దోస్త్‌కీ, ఆంధ్రలో ఓఏఎండీసీకీ, వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక ఆదివారం దీనికి కేటాయిస్తే చాలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉత్త బీఎస్సీ ఫిజిక్స్ పట్టాకి బయట పెద్ద ధర లేదు. ఆ పట్టా చూపించి మీరు ఏ పరీక్ష రాస్తారు, ఎన్నేళ్లలో గట్టెక్కుతారు అన్నదాన్ని బట్టే దాని విలువ. అందుకే ఈ లెక్కలో ఫీజు కంటే ఏళ్లే ఎక్కువ బరువు తూగుతాయి.

1. మూడేళ్ల ఖర్చు రాయండి

కాలేజీ వాళ్లు చెప్పే ట్యూషన్ ఫీజు ఒక్కటే రాసుకుని ఊరుకోకండి. స్పెషల్ ఫీజు, సెమిస్టర్ పరీక్ష ఫీజు, రికార్డులు, బస్సు, మధ్యాహ్నం తిండి, అన్నీ రాయండి. ఉదాహరణకి ఇలా అనుకుందాం: ఫీజు 15,000, పరీక్షలూ రికార్డులూ 4,000, రానుపోను ఖర్చూ తిండీ 11,000. ఏడాదికి 30,000, మూడేళ్లకి 90,000. మీ అంకెలు వేరుగా ఉంటాయి, వాటినే వేసుకోండి. అమ్మాయిలైతే ఆర్టీసీ బస్సు ఖర్చు దాదాపు తీసేయొచ్చు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకి ప్రయాణం ఉచితం. కాకపోతే మీ రూటులో ఆ ఉచితం వర్తించే సర్వీసు కాలేజీ టైముకి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆటోకే బస్సంత అవుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ట్యూషన్ ఫీజు దగ్గర సున్నా వేయకండి. డబ్బు ఆలస్యమైతే కొన్ని ప్రైవేట్ కాలేజీలు చివర్లో టీసీ, మెమోలు ఇవ్వడానికి ఫీజు ముందు కట్టమంటాయి. అదే టైముకి మీకు పీజీ కౌన్సెలింగ్ ఉంటుంది, టెన్షన్ అంతా అప్పుడే. అందుకని ఆ మొత్తం మీ దగ్గర ఉన్నట్టే లెక్క వేసుకోండి, తర్వాత తిరిగొస్తే సంతోషం. హాజరు 75 శాతం తగ్గితే ఆ రీయింబర్స్‌మెంట్‌కే ఎసరు వస్తుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక వచ్చే డబ్బు. ఇంటర్ బోర్డు పరీక్షలో టాప్ 1 శాతంలో ఉంటే కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000, అందులో 20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టుకి. ఇది బేసిక్ సైన్స్ చదివేవాళ్లకే, బీటెక్ వాళ్లకి రాదు. అంటే మంచి మార్కులున్న పిల్లలకి చిన్న కాలేజీలో ఫిజిక్స్ చదవడం ఖర్చు కాకుండా ఆదాయమే అవ్వచ్చు. ఈ ఏడాది నోటిఫికేషన్ వచ్చిందా, మీ బోర్డు కటాఫ్ ఎంత అన్నది ముందు చూడండి. మార్కులు అంత లేకపోయినా, 80 పర్సంటైల్ పైన ఉండి కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కింద డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 ఉంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. కాలేజీ వైపు నుంచి దాన్ని వెరిఫై చేసే మనిషి ఉన్నాడా అని ఆఫీసులో అడగండి. చిన్న కాలేజీల్లో చాలా అప్లికేషన్లు అక్కడే ఆగిపోతాయి.

2. రాని జీతం కూడా రాయండి

చాలామంది వదిలేసేది ఈ అంకెనే. చదవకుండా ఏదో ఒక పనిలో చేరితే, మెడికల్ షాపో, సెల్ షోరూమో, డెలివరీయో, నెలకి 12,000 వచ్చేదనుకుందాం. ఏడాదికి 1,44,000. మూడేళ్లకి 4,32,000. బీఈడీ కూడా చేస్తే ఐదేళ్లకి 7,20,000. ఎమ్మెస్సీ, బీఈడీ రెండూ చేస్తే ఏడేళ్లకి 10,08,000.

పైన రాసిన 90,000 దీని పక్కన పెట్టి చూడండి. "ఫీజు తక్కువే కదా, చేరిపోదాం" అన్న మాట అక్కడే తేలిపోతుంది. చదువు చవకే, కాలం చవక కాదు. ఒక సెమిస్టర్ బ్యాక్‌లాగ్ ఉండిపోయి ఏడాది పోయినా, కాలేజీ మంచిది కాదని మధ్యలో మారినా, మీరు పోగొట్టుకునేది ఫీజు మాత్రమే అనుకోకండి. లక్షన్నర దగ్గర పోయినట్టు.

3. దారి ఎంచుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి

ఇది తీరిగ్గా చేయాల్సిన పని. దారులు చాలా ఉన్నాయి, అన్నిటి ధరా ఒకటి కాదు.

మొదటిది అందరి నోటా వచ్చేది: బీఈడీ చేసి స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్స్. జీతం నిజంగా మంచిదే. ఆంధ్రలో స్కేలు 44,570 దగ్గర, తెలంగాణలో 42,300 దగ్గర మొదలవుతుంది, డీఏ, హెచ్‌ఆర్‌ఏ అదనం. డిగ్రీ ఖర్చు 90,000, బీఈడీకి ఒక 80,000, రాని జీతం 7,20,000 కలిపితే 8.9 లక్షలు పెట్టుబడి. చదువు మానేసి పనిలో చేరినవాడు ఐదేళ్లకి 18,000 సంపాదిస్తున్నాడనుకున్నా, మీ మూల వేతనం ఒక్కటే అతనికంటే నెలకి 26,570 ఎక్కువ. ఉద్యోగం వస్తే పెట్టిందంతా మూడేళ్లు తిరక్కుండానే వచ్చేస్తుంది.

అయితే ఆ "ఉద్యోగం వస్తే" అన్నదాన్ని కూడా లెక్కలోకి తేవాలి. ఆంధ్రలో 2018 డీఎస్సీ (సర్కారీ టీచర్ పోస్టుల పరీక్ష) తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025 మెగా డీఎస్సీతోనే, 16,347 పోస్టులు. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. తెలంగాణలో 2017 టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి పేరు) తర్వాత 2024లో 11,062 పోస్టుల డీఎస్సీ. అక్కడా 2023లో ఇచ్చిన 5,089 పోస్టుల నోటిఫికేషన్ రద్దయింది. రెండు రాష్ట్రాల్లోనూ దగ్గర దగ్గర ఏడేళ్ల ఎండ. పైగా ఆ వేల పోస్టులన్నీ మీవి కావు. మీ జిల్లాలో, మీ సబ్జెక్టులో, మీ రోస్టర్‌లో (రిజర్వేషన్ల వరుసలో) ఎన్ని అన్నదే మీ అంకె. పాత నోటిఫికేషన్ తీసి ఆ పట్టిక చూడండి. కొన్ని జిల్లాల్లో ఫిజికల్ సైన్స్ పోస్టులు చూస్తే గుండె గుభేలుమంటుంది.

ఆ ఏడేళ్లూ కోచింగ్ పేరుతో ఇంట్లో కూర్చుంటే, 18,000 లెక్కన ఇంకో 15 లక్షలు పోయినట్టు. ప్రైవేట్ స్కూల్లో చెబుతూ రాస్తే ఆ నష్టం తగ్గుతుంది. మీ మండలంలో బీఈడీ చేసిన ఫిజిక్స్ టీచర్‌కి నెలకి ఎంత ఇస్తున్నారో, వేసవి సెలవుల్లో జీతం ఇస్తారో లేదో నలుగుర్ని అడిగి తెలుసుకోండి. లెక్కలో వేయాల్సిన జీతం అదే. డీఎస్సీ జీతం లాటరీ గడిలో రాసుకోండి. టీచర్ అవ్వాలనే మీకు గట్టిగా ఉంటే, బీఎస్సీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో అయ్యే ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి, ఎన్‌సెట్ రాసి చేరాలి. ఒక ఏడాది మిగులుతుంది, దాని విలువ ఎంతో పైన చూశాం.

రెండోది, మన చిన్న ఊళ్లలో ఎవరూ చెప్పని దారి: ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో మూడేళ్ల రెగ్యులర్ బీఎస్సీ ఉంటే చాలు. వయసు 27 లోపు ఉండాలి. స్కేలు 40,000 నుంచి 1,40,000. అన్నీ కలిపి ఏడాదికి దాదాపు 13 లక్షలని వాళ్ల నోటిఫికేషన్‌లోనే రాస్తారు. పరీక్షలో 120 ప్రశ్నలు, అందులో సగం ఫిజిక్స్, మ్యాథ్స్. నెగెటివ్ మార్కులు లేవు. 2023లో 496 పోస్టులు, 2025లో 309. దేశమంతటికీ అవే, పైగా బీటెక్ వాళ్లూ రాస్తారు. కాబట్టి ఇదీ లాటరీ గడిలోదే, కానీ టికెట్ మీద రాసిన అంకె చాలా పెద్దది. రాత పరీక్ష తర్వాత వాయిస్ టెస్ట్, మెడికల్ ఉంటాయి, ఇంగ్లిష్ గట్టిగా మాట్లాడటం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి.

ఇక్కడే గ్రూపు సంగతి వస్తుంది. ఆంధ్రలో 2023–24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు, ఒక సబ్జెక్టు మేజర్, ఇంకోటి మైనర్. తర్వాత రూల్సు ఎటు మారినా ఒక్కటి మర్చిపోకండి: ఫిజిక్స్ పక్కన మ్యాథ్స్ లేకపోతే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పోతుంది, బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరే ఈసెట్ కూడా పోతుంది (బీఎస్సీ మ్యాథ్స్ వాళ్లకి ఆ అవకాశం ఉందని చాలామందికి తెలియనే తెలియదు). కెమిస్ట్రీ లేకపోతే బీఈడీ ఫిజికల్ సైన్స్ మెథడాలజీకి ఇబ్బంది వస్తుందేమో ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) బుక్‌లెట్‌లో చూసుకోండి. "కాలేజీలో ఈ ఏడాది ఈ కాంబినేషనే నడుస్తోంది" అని ఆఫీసులో చెప్పినదానికి తలూపి వచ్చేస్తే, ఆ ఒక్క సంతకంతో లక్షల దారి మూసుకుపోవచ్చు.

మూడోది ఎమ్మెస్సీ. ఫిజిక్స్ అంటే నిజంగా ఇష్టమున్నవాళ్లకి ఇదే దారి, కానీ ఎక్కడ చేస్తారన్నది ముఖ్యం. ఐఐటీలు నడిపే జామ్ పరీక్ష, సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ, రాష్ట్ర యూనివర్సిటీలకి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్. జామ్‌లో మీ డిగ్రీ కాలేజీ పేరు ఎవరూ అడగరు. మెకానిక్స్, ఆప్టిక్స్, ఎలక్ట్రిసిటీ, థర్మోడైనమిక్స్, మోడరన్ ఫిజిక్స్ మన సిలబస్‌లో ఉన్నవే. ప్రశ్నలు మాత్రం సెమిస్టర్ పరీక్షలా "నిర్వచించి నిరూపించుము" అని రావు, లెక్కలుగా వస్తాయి. చిన్న కాలేజీ పిల్లలు దెబ్బతినేది అక్కడే. మ్యాథమెటికల్ మెథడ్స్ ఐఐటీల వీడియో పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉంది, రెండో ఏడాది నుంచే పట్టుకోవాలి.

ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. ఐదేళ్ల పీహెచ్‌డీకి మొత్తం 24 లక్షలు చేతికొస్తాయి, అదీ చదువుకుంటూ. జేఆర్ఎఫ్ రాకుండా, ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరితే మాత్రం ఆ ఐదేళ్లూ జేబులోంచే పోతాయి. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకండి. జేఆర్ఎఫ్ రాకపోయినా ఎమ్మెస్సీతో జూనియర్ లెక్చరర్ పరీక్ష రాయొచ్చు. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో చెప్పొచ్చు. జేఈఈ, నీట్ ప్రశ్నలు బోర్డు మీద గబగబా చేయగల ఫిజిక్స్ లెక్చరర్‌కి ఆ మార్కెట్‌లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. పొద్దున్నించి రాత్రి స్టడీ అవర్ దాకా పని కూడా అలాగే ఉంటుంది. ఎమ్మెస్సీ మీద రేడియోలాజికల్ ఫిజిక్స్‌లో ఏడాది డిప్లొమా చేసి, ఇంటర్న్‌షిప్ పూర్తి చేస్తే క్యాన్సర్ ఆస్పత్రుల్లో మెడికల్ ఫిజిసిస్ట్‌గా వెళ్లొచ్చు. రేడియేషన్ చికిత్స చేసే ఆస్పత్రికి అలాంటి మనిషి ఉండి తీరాలని అణు నియంత్రణ మండలి రూలు. సీట్లు తక్కువ, పోటీ కూడా మిగతావాటంత ఉండదు.

నాలుగోది సాఫ్ట్‌వేర్. విప్రో వాళ్ల విల్ప్ లాంటివి బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లనీ తీసుకుంటాయి, ఉద్యోగం చేయిస్తూ ఎంటెక్ చదివిస్తాయి. స్టైపెండ్ తక్కువ, బాండ్ ఉంటుంది. అయినా డిగ్రీ అయిన నెలల్లోనే జీతం మొదలయ్యే దారి మన లెక్కలో ఇదొక్కటే. మార్కుల శాతం కటాఫ్ పెడతారు కాబట్టి మొదటి సెమిస్టర్‌ని తేలిగ్గా తీసుకోకండి. ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంసీఏ రెండేళ్లు చేయడం ఇంకో మార్గం. అసలు ఆశ సాఫ్ట్‌వేరే అయితే, ఫిజిక్స్ మేజర్ ఎందుకో ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి. కంప్యూటర్స్ కాంబినేషన్ అదే కాలేజీలో ఉండొచ్చు.

గ్రూప్స్, బ్యాంకులు, రైల్వే రాయడానికి ఏ డిగ్రీ అయినా ఒకటే. వాటికోసం ఫిజిక్స్‌కి అదనపు మార్కులేమీ వేయక్కర్లేదు.

4. కాలేజీకి వెళ్లి చూడండి, అడ్మిషన్ రూమ్‌లో కూర్చోకండి

మామూలు పనిరోజున పదకొండింటికి వెళ్లండి. ఫిజిక్స్ ల్యాబ్ చూపించమని అడగండి. తాళం చెవి కోసం వెతుకులాట మొదలైతే సగం జవాబు దొరికినట్టే.

లోపల సోడియం వేపర్ ల్యాంప్ ఎక్కడుందో అడిగి, ఒకసారి వేయమనండి. బాగున్న ల్యాంపు మొదట గులాబీ ఎరుపులో వెలిగి, కొన్ని నిమిషాలకి పూర్తి పసుపుకి తిరుగుతుంది. ఆ నిమిషాల్లో చుట్టూ చూడండి. ట్రావెలింగ్ మైక్రోస్కోప్ స్క్రూ తిప్పితే కదులుతుందా, తుప్పు పట్టి బిగుసుకుందా? స్పెక్ట్రోమీటర్ ప్రిజం టేబుల్ కింద మూడు లెవలింగ్ స్క్రూలూ ఉన్నాయా? న్యూటన్స్ రింగ్స్ ప్రయోగం నిజంగా చేయాలంటే ఆ పసుపు వెలుగు, ఆ మైక్రోస్కోప్ రెండూ పనిచేయాలి. పక్కన రికార్డు పుస్తకాలుంటే రెండు మూడు తెరవండి. అందరి రీడింగులూ చివరి దశాంశం దాకా ఒకేలా ఉంటే, అక్కడ ప్రయోగం జరగలేదు, రికార్డు కాపీ జరిగింది.

నిజం చెప్పాలంటే ల్యాబ్ బాగుందని ఎవరూ మీకు ఎక్కువ జీతం ఇవ్వరు, జామ్‌లో మైక్రోస్కోప్ తిప్పమనరు. కానీ ఆ కాలేజీలో ఫిజిక్స్ నడుస్తోందా, కాగితం మీదే ఉందా అన్నది అంత త్వరగా చెప్పేది ఇంకోటి లేదు.

తర్వాత బయటికొచ్చి సెకండియర్ పిల్లల్ని పట్టుకోండి. "ఈ వారం ఫిజిక్స్ క్లాసులు ఎన్ని జరిగాయి తమ్ముడూ?" అని అడగండి. లెక్చరర్లు ఎంతమంది, పర్మనెంటా, గెస్టా, సంవత్సరం మధ్యలో మారిపోయారా? మీ బ్యాచ్‌లో ఎంతమంది, సీనియర్లలో ఎవరైనా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్నారా? ఒక్క పేరు చెప్పినా మంచిదే, ఆ సీనియర్ నంబర్ తీసుకోండి. ఫిజిక్స్‌లో ఏడుగురే చేరితే ఆ గ్రూపు నడుపుతారా, వేరే దానిలోకి మారమంటారా అన్నది ప్రిన్సిపాల్‌నే అడగాలి. ఏడుగురుండి, మనసు పెట్టి చెప్పే లెక్చరర్ ఒక్కరుంటే మాత్రం నా ఓటు అలాంటి కాలేజీకే. ఆయన మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు, సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి సిఫారసు లేఖ రాసిస్తారు. రెండు వందల మంది క్లాసులో అది దొరకదు.

5. సిటీ కాలేజీతో తేడా తీయండి

హైదరాబాద్‌లోనో, విశాఖలోనో పేరున్న కాలేజీ: ఫీజు 40,000, హాస్టల్ పది నెలలకి 70,000, పైఖర్చు 20,000 అనుకుందాం. మూడేళ్లకి 3,90,000. ఊరి కాలేజీతో తేడా 3 లక్షలు.

ఆ 3 లక్షలతో సిటీలో మీకు ఏం దొరుకుతుందో పేరు పెట్టి రాయండి. క్యాంపస్ నియామకాలా? గత ఏడాది బీఎస్సీ ఫిజిక్స్ పిల్లల్ని ఏ కంపెనీలు ఎంత జీతానికి తీసుకున్నాయో అడగండి, కాలేజీ మొత్తం లెక్క వద్దు. అందులో కామర్స్, కంప్యూటర్స్ వాళ్లే ఎక్కువ ఉంటారు. జామ్ కోచింగా? అది ఆన్‌లైన్‌లో ఆ డబ్బులో కొంచెంతోనే వస్తుంది. ఇంగ్లిష్, నలుగురిలో మాట్లాడే ధైర్యం అంటారా, దానికి విలువ ఉంది, కాదనను. జవాబు గట్టిగా రాకపోతే ఊరి కాలేజీలో చేరి, ఆ 3 లక్షలు ఎమ్మెస్సీకి దాచండి. ఫిజిక్స్‌లో పేరున్న చోటికి డబ్బు ఖర్చుపెట్టాల్సింది పీజీలోనే. ఊరి కాలేజీ బీఎస్సీకి విద్యారుణం మాత్రం తీసుకోకండి. పీఎం విద్యాలక్ష్మి లాంటి పథకాలు ర్యాంకులున్న సంస్థలకే, ఇక్కడ వర్తించవు.

ఈ పోలికలో ఇంకోటి కూడా చూడండి. మీ మార్కులు బాగుంటే తిరుపతి ఐసర్, భువనేశ్వర్ నైసర్ లాంటి కేంద్ర సైన్స్ సంస్థల ప్రవేశ పరీక్షలు రాశారా? రాయకపోతే వచ్చే ఏడాది రాయడానికి ఒక ఏడాది పోతుంది, దాని ధర మీకు తెలుసు. నాకైతే, ఫిజిక్స్ పిచ్చి నిజంగా ఉన్న పిల్లకి ఆ ఏడాది పెట్టడం తప్పనిపించదు.

6. గడువు రాసి, ఆప్షన్లు పెట్టండి

కాగితం చివర రెండు తేదీలు రాయండి. మొదటిది, మూడో ఏడాది మొదలయ్యేలోపు ఏ దారో తేల్చుకునే తేదీ. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే అయిపోతాయి, అప్పుడు ఆలోచిద్దామంటే కుదరదు. రెండోది, డీఎస్సీ కోసమో ఇంకో సర్కారీ కొలువు కోసమో ఎన్నాళ్లు ఆగుతారన్నది. అమ్మానాన్నలకి కూడా ఆ తేదీ చూపించండి, తర్వాత మాటలు పడకుండా ఉంటాయి.

ఆప్షన్లలో నచ్చిన కాలేజీ, సరైన కాంబినేషన్ పైన పెట్టండి. సీటు వస్తుందో రాదో అన్న భయంతో ల్యాబ్ చూడని కాలేజీల్ని పైకి తేకండి. దోస్త్‌లో సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. చేరాక కాంబినేషన్ తప్పని తెలిస్తే ఇంట్రా కాలేజ్ దశలో అదే కాలేజీలో గ్రూపు మార్చుకోవచ్చు. ఆ దశకి తేదీలు కొద్దిరోజులే ఇస్తారు, నోటీసు బోర్డు మీద పెడతారో లేదో చెప్పలేం కాబట్టి దోస్త్ సైట్‌లో మీరే చూసుకుంటూ ఉండండి.